ఇంటర్ తరువాత లెక్కలే చదవాలనుకుంటే: చెన్నైలో ఒక చిన్న విశ్వవిద్యాలయం

[తెర మీద: చెన్నై పాత మహాబలిపురం రోడ్డు, ఐటీ కంపెనీల భవనాలు]

నమస్కారం. లెక్క తేలేదాకా నిద్ర పట్టని పిల్లలు ప్రతి ఇంటర్ కాలేజీలోనూ కొందరుంటారు. వాళ్లకు మన ఇళ్లలో పెద్దలు చూపించే దారి ఒక్కటే: ఇంజనీరింగ్, అందులోనూ కంప్యూటర్ సైన్స్. ఆ దారి తప్పని నేను అనను. కానీ ఇంకో దారి ఉందన్న సంగతే తెలియకుండా పిల్లలు అటు వెళ్లిపోతుంటే బాధ కలుగుతుంది. అందుకే ఈ వీడియో.

చెన్నై శివారులో సిరుసేరి అనే చోటుంది. అక్కడి ఐటీ పార్కులో, కంపెనీల నడుమ ఒక చిన్న విశ్వవిద్యాలయం ఉంది. పేరు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. అందరూ సీఎంఐ అంటారు. గణితం, కంప్యూటర్ సైన్స్, భౌతిక శాస్త్రం, ఈ మధ్య డేటా సైన్స్. బోధించేవి ఇంతే.

[తెర మీద: సి.ఎస్. శేషాద్రి ఫోటో, 1932–2020]

దీన్ని నిలబెట్టినవారు సి.ఎస్. శేషాద్రి. బీజీయ జ్యామితిలో, అంటే సమీకరణాలను ఆకారాలుగా చూసే గణిత శాఖలో, ప్రపంచం గౌరవించే పేరు. ఎం.ఎస్. నరసింహన్‌తో కలిసి 1965లో ఆయన ప్రచురించిన సిద్ధాంతం నేటికీ ఆ ఇద్దరి పేర్లతోనే చలామణిలో ఉంది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆయన పరిశోధనకు మార్గదర్శకుడు కె. చంద్రశేఖరన్. మన మచిలీపట్నంలో పుట్టి, బాపట్లలో బడి చదువు చదివిన వ్యక్తి. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు, చెప్పాలి.

శేషాద్రి 1989లో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ కింద ఒక గణిత విభాగంగా దీన్ని మొదలుపెట్టారు. మన దేశంలో పరిశోధన ఒకచోట, డిగ్రీ చదువు మరోచోట జరుగుతాయి. పెద్ద గణితవేత్తలు పరిశోధనా సంస్థల్లో ఉంటారు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు వాళ్లు కనిపించరు. ఈ రెంటినీ ఒకే గదిలోకి తేవాలన్నది ఆయన పట్టుదల. 1998లో బీఎస్సీ ఆనర్స్ మొదలైంది. అప్పటికి దీనికి విశ్వవిద్యాలయ హోదా లేదు. అందుకని మధ్యప్రదేశ్ భోజ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరు మీద పట్టాలు ఇచ్చేవారు. ఆ పట్టా చూసి ఉద్యోగం ఎవరిస్తారని భయపడకుండా తొలి ఏళ్లలో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులను మెచ్చుకోవాలి. 2005లో సిరుసేరి క్యాంపస్ వచ్చింది, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా, అంటే సొంతంగా పట్టాలిచ్చే అధికారం వచ్చింది. కేంద్ర అణుశక్తి విభాగం నిధులిస్తుంది, ప్రైవేటు దాతలూ ఇస్తారు.

[తెర మీద: నల్లబల్ల, సుద్దముక్కతో రాస్తున్న చేయి]

ఇక చదువు. డిగ్రీలో రెండు కోర్సులు: గణితం–కంప్యూటర్ సైన్స్, గణితం–భౌతిక శాస్త్రం. వ్యవధి మూడేళ్లు. ఆ పైన గణితంలో, కంప్యూటర్ సైన్స్‌లో, డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ, తరువాత పీహెచ్‌డీ. డేటా సైన్స్ వాళ్లు ఎక్కువగా ఉద్యోగాల వైపు వెళతారు. తక్కినవారిలో చాలామంది పరిశోధన వైపే.

ఇంటర్‌లో చేసిన లెక్కలకూ ఇక్కడి లెక్కలకూ తేడా ఎక్కడుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఇది ఏ ప్రశ్నపత్రంలోంచీ తీసుకున్నది కాదు. వరుసగా ఉన్న నాలుగు సంఖ్యలు తీసుకోండి. 1, 2, 3, 4. గుణిస్తే 24, ఒకటి కలిపితే 25. అంటే 5 వర్గం. తరువాత 2, 3, 4, 5. గుణిస్తే 120, ఒకటి కలిపితే 121. అది 11 వర్గం. ఎప్పుడూ వర్గమే వస్తుందా?

[తెర మీద: వీడియో ఆపి ప్రయత్నించండి]

కోచింగ్‌లో అయితే ఇంకో రెండు సంఖ్యలు వేసి చూసి, సరైన ఆప్షన్ గుర్తుపెట్టి ముందుకెళ్తాం. ఇక్కడ అది చాలదు. ప్రతి సంఖ్యకూ అది నిజమని చూపాలి. మొదటి సంఖ్య n అనుకుందాం. మొదటిదాన్ని నాలుగోదానితో గుణిస్తే n వర్గం ప్లస్ 3n. రెండోదాన్ని మూడోదానితో గుణిస్తే n వర్గం ప్లస్ 3n ప్లస్ 2. మొదటి లబ్ధాన్ని x అంటే రెండోది x ప్లస్ 2. రెంటినీ గుణించి ఒకటి కలిపితే x వర్గం ప్లస్ 2x ప్లస్ 1. అంటే x ప్లస్ 1 మొత్తానికి వర్గం. అయిపోయింది. ఇక ఏ సంఖ్యా తప్పించుకోలేదు.

ఈ కొద్ది వాక్యాలు మీకు సంతోషం కలిగిస్తే సీఎంఐ మీకోసమే. విసుగనిపిస్తే మొహమాటపడకుండా వేరే కోర్సు చూసుకోండి, అందులో తప్పేమీ లేదు. ప్రవేశ పరీక్ష కూడా ఈ ధోరణిలోనే ఉంటుంది. ఒక భాగంలో జవాబులు చాలు, రెండో భాగంలో మాత్రం నిరూపణ అడుగు అడుగునా రాయాలి. సిలబస్ ఇంటర్ స్థాయిదే. కానీ రాసే అలవాటు మన కార్పొరేట్ కాలేజీల్లో పోయింది కాబట్టి ర్యాంకర్లు కూడా తడబడతారు. ఆరు నెలల ముందు నుంచే పాత పేపర్లు తీసి, జవాబులు పూర్తి వాక్యాల్లో రాయండి. సీఎంఐ తన వెబ్‌సైట్లో ఆ పాత పేపర్లను ఉంచుతుంది.

[తెర మీద: తరగతి గది, తక్కువ మంది విద్యార్థులు]

చిన్న సంస్థ వల్ల కలిగే మేలు అధ్యాపకుల దగ్గర తెలుస్తుంది. మొదటి ఏడాది బీజగణితం చెప్పే మనిషే ఆ విషయంలో కొత్త పత్రాలు రాస్తుంటారు. సందేహం ఉంటే గది తలుపు తట్టవచ్చు. చెన్నైలోనే తరమణిలో గణిత విజ్ఞాన సంస్థ ఉంది, 1962లో అల్లాడి రామకృష్ణన్ స్థాపించినది. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో పనిచేసిన మన నెల్లూరు సీమ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడాయన. ఆ సంస్థ శాస్త్రవేత్తలు కూడా వచ్చి ఇక్కడ పాఠాలు చెబుతుంటారు.

డిగ్రీలో బాగా రాణించిన కొందరికి ప్యారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్ అనే పేరున్న విద్యాసంస్థలో వేసవి గడిపే అవకాశం ఉంటుంది. రెండు సంస్థల మధ్య ఒప్పందమది. అక్కడి వాళ్లూ ఇక్కడికి వస్తారు.

లోటుపాట్లూ చెప్పాలి. మూడో ఏట మనసు మారి మెకానికల్‌కో కామర్స్‌కో మళ్లాలంటే ఇక్కడ ఆ శాఖలే లేవు. బోధన ఇంగ్లీషులోనే. తెలుగు మాధ్యమం పిల్లలకు మొదటి సెమిస్టర్ బరువుగా ఉంటుంది. నిరూపణలకు అలవాటు పడేదాకా మార్కులు తగ్గుతాయి, ఇంట్లో వాళ్లు కంగారుపడవద్దు.

[తెర మీద: ఫోనులో పాఠం చూస్తున్న విద్యార్థిని]

చేరకముందే రుచి చూడాలంటే రెండు మార్గాలున్నాయి. ఇక్కడి ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలు ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా ఉన్నాయి. ఆయన పాఠం చెప్పే తీరు ఒక్క వారం వింటే చాలు, ఈ సంస్థలో చదువు ఎలా ఉంటుందో తెలుస్తుంది. రెండోది, సీఎంఐ విద్యార్థులే బడి పిల్లల కోసం నడిపే స్టెమ్స్ పరీక్ష. అందులో మెరిసినవాళ్లను క్యాంపస్‌కు శిబిరానికి పిలుస్తారు.

ప్రవేశ పరీక్ష సాధారణంగా మే నెలలో జరుగుతుంది. దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. హైదరాబాదులోనూ కేంద్రం ఉంటుంది. జేఈఈ హడావుడిలో తేదీ దాటిపోకుండా సంక్రాంతి సెలవులు అయిన దగ్గర్నుంచి వారానికోసారి వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.