"సారుకు చెప్తే ఇంటికి తెలుస్తుంది": బడిలో కౌన్సెలింగ్ గురించి పిల్లలు ఏమంటున్నారు?

(మహబూబ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. పిల్లల పేర్లు, వాళ్ల బడుల పేర్లు ఇవ్వడం లేదు. మాటలు మరీ సాగినచోట కొంచెం కత్తిరించాను, అంతే.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు ముందు పిల్లలే మాట్లాడతారు, పెద్దవాళ్లు తర్వాత. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో హైస్కూల్ చదివే పిల్లలకు మనసు బాగోకపోయినా, పది అయ్యాక ఏం చదవాలో తోచకపోయినా బడిలో ఎవరిని అడుగుతున్నారు, అసలు అడుగుతున్నారా అన్నదే మన చర్చ. దేవరకొండ వైపు నుంచి పదో తరగతి అమ్మాయి వచ్చింది. గద్వాల వైపు నుంచి ఇంటర్ ఫస్టియర్ అబ్బాయి వచ్చాడు. ఒక లెక్కల సారు, ఒక సైకాలజిస్ట్, మక్తల్ దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి కూడా ఉన్నారు. నువ్వు మొదలుపెట్టమ్మా, మీ బడిలో కౌన్సెలింగ్ ఉందా?

విద్యార్థిని: ఉంది అంటే ఉంది మేడమ్. ఒక పెట్టె పెట్టారు. 'మీ సమస్య రాసి వేయండి, పేరు అక్కర్లేదు' అని దాని మీద ఉంటుంది. కానీ అది స్టాఫ్ రూమ్ తలుపు పక్కనే ఉంది, ఇంటర్వెల్‌లో అక్కడ ఎవరు నిలబడ్డా అందరూ చూస్తారు. తాళంచెవి పెద్దసారు టేబుల్ సొరుగులో ఉంటుంది. పేరు రాయకపోయినా మా చేతిరాత సార్లకు తెలుసు కదా మేడమ్, రోజూ మా నోట్సులు దిద్దేది వాళ్లే. మా ఫ్రెండ్ ఒకమ్మాయి అందుకే ఎడమ చేత్తో రాసి వేసింది.

యాంకర్: ఏం రాసిందో చెప్పొచ్చా?

విద్యార్థిని: అది చెప్పను మేడమ్.

యాంకర్: మంచిది, చెప్పకు.

('అది చెప్పను' అని ఆ అమ్మాయి ఆలోచించుకోకుండా వెంటనే అనేసింది. చర్చ మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన జవాబు ఇదే. ఆ అమ్మాయి వయసువాళ్లు పెద్దవాళ్ల దగ్గర కోరుకుంటున్నది కూడా ఇదేనని నా అభిప్రాయం.)

విద్యార్థిని: తర్వాత ప్రేయర్‌లో అడిగారు, 'ఇది ఎవరు రాశారో ముందుకు రండి, మేమేమీ అనం' అని. ఎవరొస్తారు మేడమ్? ఆ రోజు తర్వాత ఆ పెట్టెలో చాక్లెట్ కాగితాలే పడుతున్నాయి. సార్లు మంచివాళ్లే, నేను చెడ్డగా చెప్పడం లేదు. కానీ ఒకరికి చెప్తే స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుస్తుంది, సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. అందుకని మేము ఒకరికొకరం చెప్పుకుంటాం. మాకూ ఏం చేయాలో తెలియదు, కూర్చుని ఏడుస్తాం, బెల్ కొడితే వెళ్లిపోతాం.

యాంకర్: సార్, మీరేమంటారు?

టీచర్: ఆ బిడ్డ చెప్పింది నిజం, కాదనను. అయితే కార్యక్రమాలే లేవని అనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు టీచర్లు, ఒకరు ఆడ, ఒకరు మగ, శిక్షణ తీసుకుని వారానికి ఒక గంట పిల్లలతో మాట్లాడాలి. 11 అంశాలున్నాయి అందులో, మనసు ఆరోగ్యం, స్నేహాలు, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు అన్నీ ఉన్నాయి. కానీ పదో తరగతికి ఆ గంట ఎక్కడ మిగులుతుంది మేడమ్? పొద్దున స్పెషల్ క్లాస్, సాయంత్రం స్పెషల్ క్లాస్, మధ్యలో స్లిప్ టెస్టులు. జిల్లాకు ఎంత శాతం పాస్ వచ్చిందని అడుగుతారు గానీ ఎంతమంది పిల్లలతో విడిగా మాట్లాడారని ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగని పని వెనకబడుతుంది. ఇంకో సంగతి, నేను బీఎడ్‌లో పిల్లల మనస్తత్వం చదివాను, పరీక్ష రాశాను. చేయి కోసుకున్న పిల్ల ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో అందులో ఎవరూ నేర్పలేదు.

యాంకర్: తమ్ముడూ, నువ్వు బడి వదిలి ఏడాది కూడా కాలేదు. నీకెప్పుడైనా కౌన్సెలింగ్ ఇచ్చారా?

విద్యార్థి: ఇచ్చారు మేడమ్, మా బాపును పిలిపించి ఇచ్చారు. మా దిక్కు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి ఉంటుంది. సాయంత్రం మొగ్గ పొట్టు తీసి గిల్లి పెట్టాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటారు. పొద్దున ఆ పని దాటిపోతే పువ్వు పనికిరాదు, పొలం ఆగదు, కూలోళ్లు దొరకరు, అందుకని ఆ సీజన్‌లో ఇంట్లో పిల్లలందరం చేన్లోనే. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు చాలా రోజులు పోలేదు. బాపును పిలిచి ఆఫీస్ రూమ్‌లో నిలబెట్టారు, ఆయన తలకాయ వంచుకుని నిలబడ్డాడు. 'రేపటి నుంచి వస్తావా రావా' అన్నారు. ఎందుకు రావట్లేదని అడగలేదు మేడమ్. అడిగితే అప్పు సంగతి చెప్పేవాణ్ణి, సీడ్ కంపెనీకి, రైతులకు మధ్యన ఉండే ఆర్గనైజర్ దగ్గర ముందే పైసలు తీసుకున్నామని చెప్పేవాణ్ణి. రిజిస్టర్‌లో మాత్రం 'విద్యార్థికి, తండ్రికి కౌన్సెలింగ్ ఇవ్వడమైనది' అని రాసుకున్నారు, నేను సంతకం పెట్టిన.

యాంకర్: ఆ తర్వాత ఎవరితోనైనా చెప్పుకున్నావా?

విద్యార్థి: లేదు. పైగా ఇంటర్నల్ మార్కులు వేసేది వాళ్లే. మార్కులేసే సారుకు ఇంటి గొడవలు ఎవరు చెప్తారు?

సైకాలజిస్ట్: ఈ తమ్ముడి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మార్కులేసేవాళ్లు, హాజరు తీసేవాళ్లు, తల్లిదండ్రులకు ఫోన్ చేసేవాళ్లు, మన రహస్యం వినేవాళ్లు అందరూ ఒక్కరే అయితే పిల్లలు నోరు విప్పరు. అది వాళ్ల మొండితనం కాదు, తెలివి. నేను చాలా బడులకు వెళ్తుంటాను. రెండు సెక్షన్లను వరండాలో కూర్చోబెట్టి నా చేతికి మైకు ఇస్తారు, గంట మాట్లాడతాను, చివర్లో 'ఎవరికైనా సమస్య ఉంటే చెప్పండి' అంటే ఒక్క చెయ్యీ లేవదు. నేను బ్యాగ్ సర్దుకుని గేటు దాకా వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు వెనకాలే వస్తారు. అసలు పని ఆ గేటు దగ్గర జరుగుతుంది.

యాంకర్: అంటే ఏదీ బయటకు చెప్పకూడదా? ప్రమాదం ఉంటే?

సైకాలజిస్ట్: అన్నీ దాచలేం, దాచకూడదు కూడా. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, దాచడం నేరం. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లో ఒక పెద్దవాళ్లకైనా చెప్పాలి. అయితే ఈ మాట బిడ్డ కూర్చోగానే ముందే చెప్పాలి. 'ఈ రెండు మూడు విషయాలు తప్ప మిగతావి నా దగ్గరే ఉంటాయి, చెప్పాల్సి వస్తే నీకు చెప్పాకే చెప్తాను' అంటే పిల్లలు అర్థం చేసుకుంటారు. అంతా విన్నాక తర్వాత చెప్పేస్తేనే నమ్మకం పోతుంది.

తల్లి: నేను మాట్లాడొచ్చా అమ్మా? మా ఇంట్లో జరిగింది ఇదే. మేము కొన్నేండ్లు పుణెలో ఉన్నం, మా ఆయనది మేస్త్రీ పని. బిడ్డను మా అత్త దగ్గర విడిచి పోయినం. రోజూ ఫోన్ చేసి తిన్నవా అంటే తిన్న అనేది, అంతే. తొమ్మిదిలో ఉండగా బడిలో ఒక సారుకు ఏదో చెప్పుకుంది. సారు నా మంచి కోసమే, ఆమె మంచి కోసమే నాకు ఫోన్ చేసి మొత్తం చెప్పిండు. నేను ఆగలేక అదే రోజు బిడ్డకు ఫోన్ చేసి అడిగిన. అప్పటి నుంచి ఆమె సారుతో మాట్లాడదు, నాతో మాట్లాడదు. ఊర్లో తెలిస్తే ఏమంటారో, పిల్లకు మతి బాగలేదంట అంటారేమో, రేపు సంబంధాలు ఎట్లా వస్తయి అని నాకు అదొక భయం. అందుకే డాక్టర్ దగ్గరికి కూడా తీసుకుపోలేదు.

(ఇక్కడ కొద్దిసేపు రికార్డింగ్ ఆపాల్సి వచ్చింది.)

యాంకర్: ఇంకో విషయానికి వద్దాం. పది తర్వాత ఏం చదవాలన్నది మీకు ఎవరు చెప్తారు?

విద్యార్థి: పీఆర్వోలు చెప్తారు మేడమ్.

యాంకర్: ప్రైవేట్ కాలేజీలవాళ్లా?

విద్యార్థి: ఆ. సంక్రాంతి కూడా కాకముందే మొదలవుతారు. మా నంబర్లు ఎక్కడ దొరుకుతాయో తెలియదు, బాపుకు ఫోన్ చేసి 'మీ అబ్బాయి చురుకైనోడు, ఎంపీసీలో వేయండి, ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు' అంటారు. సాయంత్రం ఇంటికి వస్తారు, మంచం మీద కూర్చుంటారు, చాయ్ తాగుతారు. మా బడిలో 'కెరీర్ గైడెన్స్' అని ఒకసారి మీటింగ్ పెడితే మాట్లాడిన ఆయన కూడా ఒక కాలేజీ ఆయనే. ప్యాడ్లు, పెన్నులు ఇచ్చిండు. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పాలిసెట్ అనే మాటే రాలేదు ఆ మీటింగ్‌లో. నాకు దాని గురించి తెలిసేసరికి అప్లికేషన్ తేదీ అయిపోయింది. నాకు మోటార్లు, వైరింగ్ పని అంటే ఇష్టం, మా చేన్ల స్టార్టర్ చెడిపోతే నేనే చూస్తా. డిప్లొమా ఎలక్ట్రికల్ చదువుదును. ఇప్పుడు ఎంపీసీలో ఉన్న, అర్థం కావట్లేదు, ఫీజు సగం కట్టేసినం.

టీచర్: నాకు బాధ కలిగేది ఇక్కడే. గద్వాల పక్కనే వనపర్తి, అక్కడ రాజుల ప్యాలెస్‌లో 1959లో పెట్టిన ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. అక్కడ పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత వెయిటేజీ కూడా. ఐటీఐలు 65 దాకా ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుతున్నాయి, కొత్త మెషీన్లతో. ఇవన్నీ ఒక్క పీరియడ్‌లో చెప్పొచ్చు, తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పొచ్చు. అమ్మకం కోసం వచ్చినాయనకు మైకు ఇచ్చి దాన్ని గైడెన్స్ అనడం తప్పు, నేను గట్టిగానే అంటున్నాను.

విద్యార్థిని: ఆడపిల్లలకు అది కూడా అడగరు సార్. 'ఇంటికి దగ్గర ఏ కాలేజీ ఉంది' అంతే. బస్సు ఉంటే ఇంటర్, లేకపోతే ఇంట్లోనే. మా తండాలో నాకంటే పెద్దక్క మంచిగా చదివేది, బస్సు లేదని ఆపేశారు. పెండ్లి మాటలు నడుస్తున్నాయి. ఆమెకు గురుకుల కాలేజీ సంగతి, హాస్టల్ సంగతి ఎవరైనా ఇంటికి వచ్చి వాళ్ల నాన్నకు చెప్పి ఉంటే వినేవాడు. పీఆర్వో చెప్తే విన్నట్టే వినేవాడు.

యాంకర్: మరి దారేంటి? మేడమ్, మీరు చెప్పండి.

సైకాలజిస్ట్: కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. 1964–66 కొఠారీ కమిషన్ అప్పుడే చెప్పింది, కనీసం పది హైస్కూళ్లకు కలిపి ఒక కౌన్సెలర్ తిరుగుతూ ఉండాలని, చిన్న చిన్న విషయాల్లో టీచర్లు సాయం చేయాలని. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్‌కు వెళ్లిన ఒక విద్యార్థిని మరణం కేసులో, 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని కూడా అందులో ఉంది.

విద్యార్థిని: మా దగ్గర సి బ్యాచ్ అని ఉంది మేడమ్. చెట్టు కింద కూర్చోబెడతారు.

టీచర్: బయటి నుంచి వచ్చే కౌన్సెలర్ మంచిదే, కానీ నాకొక అనుమానం. ఆమె నెలకు ఒక రోజు వస్తుంది. బిడ్డకు కష్టం ఆ రోజే రావాలని లేదు కదా?

సైకాలజిస్ట్: అందుకే ఫోన్ ఉంది. టెలీ మానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్లలకు ఆపద అయితే 1098.

విద్యార్థిని: ఆ నంబర్లు మా గోడ మీద రాసి ఉన్నాయి మేడమ్. కానీ ఫోన్ మా నాన్నది. చేస్తే అందులో నంబర్ కనిపిస్తుంది, ఎవరికి చేశావని అడుగుతాడు. బడిలో ఒక ఫోన్ పెట్టి, తలుపు వేసుకునే గది ఒకటి ఇస్తే చాలు. స్పోర్ట్స్ సామాను గది ఉంది కదా సార్, అలాంటిది.

టీచర్: అది కష్టమైన పని కాదు బిడ్డా. పెద్దసారుతో, విద్యా కమిటీతో మాట్లాడి చేయొచ్చు. ఎవరు లోపలికి పోయారో రాసే రిజిస్టర్ మాత్రం పెట్టకూడదు.

విద్యార్థి: పెడితే ఎవరూ పోరు సార్.

తల్లి: అమ్మా, ఆ 14416కు మాలాంటోళ్లం చేయొచ్చా, పిల్లలేనా?

సైకాలజిస్ట్: ఎవరైనా చేయొచ్చమ్మా. మీరు ముందు మీ గురించే మాట్లాడండి. బిడ్డ మాట్లాడడం లేదు, నాకు భయంగా ఉంది అని ఇప్పుడు మాకు చెప్పినట్టే చెప్పండి.

విద్యార్థిని: ఆంటీ, ఒక్క మాట. ఇంటికి పోగానే ఇక్కడ విన్నవన్నీ చెప్పి ఆమెను అడగకండి. ఆ రోజు ఫోన్‌లో అట్లా అడిగినందుకు బాధగా ఉందని చెప్పండి చాలు. మా అమ్మ అట్లా అంటే నేనైతే కొన్ని రోజులకు మాట్లాడతా.