జర్నలిజం తరగతిలో ఏం జరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం.

"జర్నలిజం చదవడమేంటి? రాయడం వస్తే రాస్తారు, రాకపోతే లేదు. దానికి యూనివర్సిటీ దాకా వెళ్లాలా?" ఈ కోర్సులో చేరతామన్న పిల్లలకు ఇంట్లో ముందుగా ఎదురయ్యే మాట ఇదే. ఈ మాట ఇవాళ్టిది కాదు. వందేళ్ల కిందట పత్రికలు నడిపిన పెద్దలు కూడా ఇలాగే అన్నారు. జర్నలిస్టు పుట్టాలే కానీ, తరగతి గదిలో తయారవడని వాళ్ల వాదన. న్యూయార్క్‌లో పత్రిక నడిపిన జోసెఫ్ పులిట్జర్ దీనికి జవాబుగా 1904లో ఓ పెద్ద వ్యాసం రాశాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో కొలంబియా యూనివర్సిటీలో జర్నలిజం స్కూలు పెట్టారు. అది 1912లో మొదలైంది, ఆయన అంతకు ముందు ఏడాదే పోయాడు.

కొలంబియా కంటే ముందే, 1908లో, అమెరికాలోనే మిస్సోరీ యూనివర్సిటీలో జర్నలిజం స్కూలు తెరిచారు. దాని మొదటి డీన్ వాల్టర్ విలియమ్స్. చిత్రమేమిటంటే, ఆయన కాలేజీ గడప తొక్కలేదు. తర్వాత అదే యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు, అది వేరే కథ. తరగతులు మొదలైన రోజునే ఆ స్కూలు విద్యార్థులు సొంత పేపరు అచ్చు వేసి బయటికి తెచ్చారు. ముందు సిద్ధాంతం, తర్వాత పని అనుకోలేదన్నమాట. నా దృష్టిలో ఈ చదువుకు అదే సరైన పద్ధతి.

ఇంతకీ తరగతిలో ఏం నేర్పుతారు? చాలామంది అనుకునేట్టు అందంగా రాయడం కాదు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. రిపోర్టింగ్ క్లాసులో ఓ అమ్మాయి ఐటమ్, అంటే ఒక వార్త, రాసి తెచ్చింది అనుకోండి. ఇంట్రోలో, అంటే వార్త మొదలుపెట్టే పేరాలో, మొదటి వాక్యం: "పట్టణంలో విషజ్వరాలు రెట్టింపయ్యాయి." వాక్యం చక్కగా ఉంది, తప్పుల్లేవు. మాస్టారు పక్కన పెన్నుతో రెండే ముక్కలు రాస్తారు. "ఎవరు చెప్పారు? ఎన్నింటి నుంచి ఎన్నింటికి?" ఆ అమ్మాయి ఆస్పత్రికి ఫోన్ చేస్తుంది. కిందటి వారం మూడు కేసులు, ఈ వారం ఆరు. రెట్టింపు నిజమే! కానీ చదివేవాడి మనసులో రెట్టింపు అనగానే మెదిలేది ఆరు కాదు, ఆరు వందలు. మాస్టారు ఇంకో ప్రశ్న వేస్తారు. "కిందటి వారం ఎంతమందికి రక్తపరీక్ష చేశారు, ఈ వారం ఎంతమందికి?" మళ్లీ ఫోన్. ఈ వారం కొత్తగా ఓ శిబిరం పెట్టి, మామూలుకు మూడింతల మందికి పరీక్షలు చేశారట. అంటే జ్వరాలు పెరిగాయో, లెక్కకు దొరికిన జ్వరాలు పెరిగాయో చెప్పలేం. సాయంత్రానికి ఆ ఐటమ్ వేరే ఐటమ్ అయిపోతుంది. హెడ్డింగ్ కాస్త చప్పబడుతుంది, వార్త మాత్రం నిలబడుతుంది.

శాతాల దగ్గరా ఇదే తంటా. వడ్డీ పది శాతం నుంచి పన్నెండుకు పెరిగితే రెండు శాతం పెరిగినట్టా, ఇరవై శాతమా? పెరిగింది రెండు పాయింట్లు. పదితో పోల్చి చూస్తే ఇరవై శాతం. ప్రెస్‌మీట్ పెట్టిన పెద్దమనిషి తనకు ఏది లాభమో ఆ అంకె చెబుతాడు. ఎదురుగా కూర్చున్న రిపోర్టర్‌కి తేడా తెలియకపోతే, ఆ అంకె అలాగే మర్నాడు పేపర్లో వచ్చేస్తుంది. ఇంత చిన్న లెక్క కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

చట్టాల పేపరు గురించి ఎక్కువ చెప్పను. పరువునష్టం, కోర్టు ధిక్కరణ, కాపీరైటు, బాధితుల పేర్లు ఎక్కడ రాయకూడదు, అరెస్టయిన మనిషిని దోషి అని ఎందుకు రాయకూడదు, ఇవన్నీ ఉంటాయి. విసుగ్గా ఉంటుంది. ఉద్యోగంలో చేరాక మొదటి లీగల్ నోటీసు వచ్చినప్పుడు ఆ పుస్తకం కోసం వెతుక్కుంటారు.

నేను కాసేపు ఆగి మాట్లాడదలచుకున్నది ఈ చదువులో రెండో సగం, కమ్యూనికేషన్ గురించి. చాలా చోట్ల డిగ్రీ పేరులోనే కమ్యూనికేషన్, జర్నలిజం కలిసి ఉంటాయి. పిల్లలకు జర్నలిజం క్లాసంటే హుషారు. కమ్యూనికేషన్ సిద్ధాంతాల క్లాసంటే ఆవలింతలు. అటెండెన్స్ కోసం వస్తారు. నాకు మాత్రం అసలు సరుకు అక్కడే ఉందనిపిస్తుంది.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో కథే చెబుతాను. 1938 అక్టోబరు 30 రాత్రి అమెరికాలో నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ బృందం ఒక రేడియో నాటకం వేసింది. అంగారక గ్రహం నుంచి జీవులు దిగి భూమి మీద దాడి చేస్తున్నట్టు, దాన్ని వార్తా బులెటిన్ల ధోరణిలో వినిపించారు. మర్నాడు పత్రికల నిండా ఒకటే కథ: దేశమంతా నిజమనుకుని హడలిపోయిందని, జనం రోడ్ల మీదకు పరుగులు తీశారని. హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేసి 1940లో పుస్తకమే వేశాడు. మీడియా ఏం చెబితే జనం అది నమ్మేస్తారనడానికి చాలాకాలం ఈ నాటకాన్నే చూపించారు.

తర్వాతి తరం పరిశోధకులు మళ్లీ మొదటి నుంచి లెక్క తీశారు. ఆ రాత్రి శ్రోతల సంఖ్య తెలుసుకోవడానికి ఐదు వేల ఇళ్లకు ఫోన్లు చేసిన సర్వే ఒకటి ఉంది. ఆ కార్యక్రమం వింటున్నామన్నవాళ్లు అందులో రెండు శాతమే. అదే సమయానికి ఇంకో స్టేషన్‌లో జనాదరణ ఉన్న వినోద కార్యక్రమం వస్తోంది, ఎక్కువమంది అటే ఉన్నారు. భయపడ్డవాళ్లు లేరని కాదు, ఉన్నారు. దేశం మొత్తం అల్లకల్లోలమైందన్నది మాత్రం పత్రికలు చాలా పెంచి రాసిన మాట. అప్పటికే ప్రకటనల డబ్బు రేడియో వైపు పోతోందని పత్రికలకు కడుపుమంట. రేడియోని నమ్మకూడదని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు కదా! అంటే, జనం అబద్ధాన్ని ఎంత తేలిగ్గా నమ్మేస్తారో చూడండంటూ చెప్పిన కథనే జనం దశాబ్దాల తరబడి నమ్మారు. జర్నలిజం క్లాసులో ఆ అమ్మాయికి పడిన "ఎవరు చెప్పారు, ఎన్నింట్లో ఎన్ని?" అన్న ప్రశ్నే ఇక్కడా పనికొచ్చింది.

ఇంకొకటి. 1968లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా అనే ఇద్దరు అధ్యాపకులు చాపెల్ హిల్ అనే చిన్న ఊళ్లో, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని వందమందిని పట్టుకుని అడిగారు: ఇప్పుడు దేశానికి ముఖ్యమైన సమస్యలేవి? మరోపక్క ఆ ఊరివాళ్లు చూసే పత్రికలు, టీవీ వార్తలు ఏ విషయానికి ఎంత చోటిస్తున్నాయో కొలిచారు. రెండు జాబితాలూ దాదాపు సరిపోయాయి. ఆ ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. పత్రిక మనం ఎవరి పక్షాన ఉండాలో తేల్చలేకపోవచ్చు, కానీ దేని గురించి వాదించుకోవాలో తేలుస్తుందన్నది వాళ్లు తేల్చిన సంగతి. వార్తలు దిద్దే డెస్క్‌లో కూర్చుని ఏ ఐటమ్ మొదటి పేజీకి, ఏది లోపలికి అని తేల్చే సబ్ ఎడిటర్‌కి ఇది తెలిసి ఉండాలా, అక్కర్లేదా? ఇవాళ ఆ పని సగం ఫోన్లోని యాప్‌లు చేస్తున్నాయి, అది ఇంకో తలనొప్పి.

ఇవన్నీ చాలా చోట్ల ఎలా చెబుతారో కూడా అనుకోవాలి. అమెరికా రాజకీయ శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ 1948లో అన్న ఐదు ప్రశ్నలు, ఎవరు, ఏం చెప్పారు, ఏ దారిలో, ఎవరికి, ఏ ఫలితంతో, బట్టీ పట్టించి పది మార్కులకు రాయిస్తారు. అవే ఐదు ప్రశ్నలు చేతిలో పెట్టి, ఇవాళ వాట్సాప్‌లో తిరుగుతున్న ఓ వీడియో ఇచ్చి పని చేయమంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆ శ్రద్ధ తీసుకునే మాస్టార్లు తక్కువ.

అందుకే చేరబోయేవాళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక మాట. డిపార్ట్‌మెంట్ భవనం చూసి రాకండి. విద్యార్థులు తెచ్చే పేపరు ఉందా? ఉంటే పోయిన నెల సంచిక చూపించమనండి. క్యాంపస్ రేడియో ఉందా, అది నడుస్తోందా, తాళం వేసి ఉందా? పిల్లలు రాసిన వార్తను ఎవరు దిద్దుతారు, దిద్ది తిరిగి ఇస్తారా? ఇంటర్న్‌షిప్‌కి పంపుతారా, సర్టిఫికెట్ తెచ్చుకోమంటారా? కోర్సుతో పాటు ఆర్థికశాస్త్రమో, చట్టమో, సైన్సో ఇంకో సబ్జెక్టు గట్టిగా చదువుకునే వీలుంటే వదలకండి. బడ్జెట్ చదవలేని రిపోర్టర్‌కి బడ్జెట్ రోజు ఎంత టెన్షనో వాళ్లనే అడగాలి.

ఒక మంచి బ్యాచ్‌లో కూడా అందరూ న్యూస్‌రూమ్‌కి వెళ్లరు. కొందరు ప్రకటనల రంగానికి, కొందరు సంస్థల తరఫున ప్రచారం చూసే పీఆర్‌కి, కొందరు స్వచ్ఛంద సంస్థల్లోకి, కొందరు పాఠాలు చెప్పడానికి వెళ్తారు. అందులో చిన్నతనమేం లేదు. పీఆర్‌లో చేరినవాళ్లకు రేపు ప్రెస్‌నోట్ రాసేటప్పుడు, అవతల కూర్చున్న రిపోర్టర్ ఏ ప్రశ్న వేస్తాడో ముందే తెలుసు. ఆ అంకెకి ఆధారం పక్కనే పెట్టుకుని మరీ పంపుతారు.

సెలవు. నమస్కారం.