టచ్‌డౌన్‌లో టచ్ ఏది? అమెరికన్ ఫుట్‌బాల్ పేర్ల తికమక

[తెరపై: బంతితో ఎగిరిన ఆటగాడు గోల్ గీత మీదుగా చెయ్యి చాపుతాడు. బంతి నేలకు తగలదు. రెఫరీ రెండు చేతులూ పైకెత్తుతాడు.]

బంతి నేలను తాకనే లేదు. అయినా టచ్‌డౌన్, 6 పాయింట్లు! గోల్ గీత మీద కనబడని గోడ ఒకటి నిలువుగా ఉందనుకోండి. చేతిలో ఉన్న బంతి ఆ గోడను కాస్త తాకినా చాలు. మరి పేరులో నేల సంగతి ఎందుకు?

అది రగ్బీ నాటి మాట. అప్పట్లో బంతిని నిజంగానే నేలకు ఆనించాలి. పైగా దానికి విలువ అంతంతమాత్రం. అసలు లాభం ఆ తర్వాత గోల్‌కి తన్నే అవకాశంలోనే ఉండేది. 1883 లెక్క చూడండి. (ఫీల్డ్ గోల్ అంటే టచ్‌డౌన్ లేకుండానే బంతిని గోల్ కర్రల మధ్యకు తన్నడం.)

[తెరపై: టచ్‌డౌన్ 2, దాని తర్వాతి గోల్ 4, ఫీల్డ్ గోల్ 5]

1912కల్లా టచ్‌డౌన్ 6కి ఎక్కింది, ఫీల్డ్ గోల్ 3కి దిగింది. టచ్‌డౌన్ తర్వాతి అవకాశాన్ని రూల్‌బుక్ నేటికీ ‘ట్రై’ అనే అంటుంది. రగ్బీలో ట్రై అంటే బంతిని నేలకు ఆనించడం. రగ్బీ చూసి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే.

ఇక ‘డౌన్’. పాతరోజుల్లో ప్రత్యర్థులకు చిక్కిన ఆటగాడు తనే ‘డౌన్’ అని అరిచేవాడు, ఆట ఆగేది. కబడ్డీలో కూత ఆగితే పని అయిపోయినట్టు. ఇక్కడ కూత పెడితే అయిపోయినట్టు! 1882లో, ఈ ఆట నియమాలను తీర్చిదిద్దిన వాల్టర్ క్యాంప్ చొరవతో, 3 డౌన్లలో, అంటే 3 ప్రయత్నాల్లో, 5 గజాలు ముందుకెళ్లాలన్న నియమం వచ్చింది. అది కొలవడానికి 5 గజాలకో గీత గీస్తే, మైదానం మాంసం కాల్చే ఇనుప జల్లెడలా కనబడింది. గ్రిడైరన్ అన్న పేరు అలా వచ్చిందే. 1906లో 10 గజాలయ్యాయి, 1912లో నాలుగో డౌన్ చేరింది.

[తెరపై: 3 & 7]

దీన్ని ‘ఇంకా 3 ఛాన్సులున్నాయి’ అని చదవకండి. ఇది మూడో ప్రయత్నం, కావలసింది 7 గజాలు.

క్వార్టర్‌బ్యాక్, హాఫ్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ అంటే పావు, అర, పూర్తి. ముందు వరుస నుంచి ఎంత వెనక నిలబడతారో దాన్ని బట్టి పెట్టిన పేర్లు. ఇప్పటి ఐ ఫార్మేషన్ (ఆటగాళ్లు ‘I’ అక్షరంలా ఒకరి వెనక ఒకరు నిలబడే తీరు) చూడండి: ‘పూర్తి’ వాడు ముందుంటాడు, ‘అర’ వాడు అతని వెనక. పరిగెత్తేవాడికి దారి చేసే పని ఫుల్‌బ్యాక్‌కి వచ్చి పడింది, చోటు ముందుకు జరిగింది. పేరు మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అఫెన్స్‌లో, అంటే బంతి ఉన్న జట్టులో, ‘ట్యాకిల్’ అనే ఆటగాడి పరిస్థితి ఇంకా పాపం. అతని పని అడ్డు నిలవడమే. ప్రత్యర్థిని పట్టుకుంటే హోల్డింగ్ కింద 10 గజాల శిక్ష. బంతి ఎదుటి జట్టు చేతికి చిక్కితే తప్ప అతను ఎవరినీ ట్యాకిల్ చెయ్యడు, అంటే పట్టి పడెయ్యడు.

డిఫెన్స్‌వాళ్లు మాత్రం చిల్లర నాణేల మీద పడ్డారు. వెనక కాపలాకు మామూలుగా నలుగురు. ఐదో మనిషి వస్తే నికెల్, అంటే 5 సెంట్ల నాణెం. సరిపోయింది. ఆరో మనిషి వస్తే డైమ్. డైమ్ అంటే 10 సెంట్లు కదా, పదిమందా? కాదు, రెండు నికెల్‌లు కలిస్తే డైమ్. నికెల్ పాత్రలో ఇద్దరు దిగారని అర్థం.

అన్నిటికన్నా చిక్కు ‘సేఫ్టీ’. వెనక కాపలా కాసే ఆటగాడి పేరు అదే, ఒక స్కోరు పేరూ అదే. బంతి పట్టుకున్నవాడు తన ఎండ్ జోన్‌లోనే (తన గోల్ గీత వెనకున్న చోటులోనే) దొరికిపోతే ఎదుటి జట్టుకు 2 పాయింట్లు. నష్టపోయేవాడికి ‘సేఫ్టీ’ ఏమిటి? మొదట్లో ఇరుకున పడ్డ జట్టు తన గోల్ వెనక బంతిని ఆనించి గండం గట్టెక్కేది, అదే ‘సేఫ్టీ’. తర్వాత ఆ సౌకర్యానికి పాయింట్ల శిక్ష పడింది.

[తెరపై: ఎండ్ జోన్‌లో మోకాలు ఆనించిన ఆటగాడు, రెండు దృశ్యాలు పక్కపక్కన]

ఈ రెండూ చూడ్డానికి ఒకటే. ఒకటి సేఫ్టీ, ఒకటి టచ్‌బ్యాక్. బంతిని అక్కడికి చేర్చింది ఎవరు? ఎదుటి జట్టు తన్నిన బంతి అక్కడికొస్తే టచ్‌బ్యాక్, పాయింట్లు లేవు. సొంత జట్టువాడే వెనక్కి తెచ్చుకుంటే సేఫ్టీ. 2 పాయింట్లు పోవడమే కాదు, ఆ వెంటనే తమ 20 గజాల గీత దగ్గర నుంచి బంతిని తన్ని ప్రత్యర్థికే అప్పగించాలి.