రెరాలో 60 రోజుల గడువు: తొందరపడితే ఎవరికి నష్టం?

యాంకర్: నమస్కారం. ఫ్లాటు ఫిర్యాదు 60 రోజుల్లో తేల్చాలని రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరాలో ఉంది. తేలుతోందా? మీరు చెప్పండమ్మా.

ఫ్లాటు కొన్నామె: ఒక దిక్కు బ్యాంకు కిస్తీ, ఇంకో దిక్కు ఇంటి కిరాయి. నిజాంపేటల మా ఫ్లాటు స్లాబు కాడనే ఆగింది. వాయిదా నాడు పొద్దుగాల బిల్డర్ వకీలు ఇంత లావు కాగితాల కట్ట చేతుల పెట్టిండు. ఎప్పుడు చదవాలె, ఎప్పుడు జవాబు చెప్పాలె—

బిల్డర్ల ప్రతినిధి: అమ్మా, ఒక్క నిమిషం—

కొన్నామె: నన్ను చెప్పనియ్యుండ్రి!

ప్రతినిధి: మా బాధా అదేనండీ. నోటీసు రాగానే అనుమతులు, బిల్లులు, సైటు రికార్డు అంతా తెమ్మంటే ఎట్లా? సహజ న్యాయం పాటించాలని 38వ సెక్షనే చెబుతోంది. మా మాట వినకుండా తీర్పిస్తారా?

యాంకర్: అంటే 60 రోజులు చాలవంటారు?

న్యాయవాది: చాలకపోతే కారణం రాసిపెట్టాలని 29వ సెక్షన్‌లోనే ఉంది. ఆ కారణం ఎవరడుగుతున్నారు? కాగితాలు వాయిదాకు ముందే రెండు పక్షాలకూ అందాలి. అప్పుడు గడువూ నిలుస్తుంది, న్యాయమూ నిలుస్తుంది. బ్రిటన్‌లో 1996 నిర్మాణ చట్టం ప్రకారం తగాదా 28 రోజుల్లోనే—

ప్రతినిధి: బ్రిటన్ ఎందుకు సార్! అది కాంట్రాక్టర్ల బిల్లుల తగాదా. సొంతిల్లు కట్టించుకునేవాళ్లకు అక్కడ ఆ చట్టం వర్తించదు.

న్యాయవాది: నిజమే, కానీ—

ప్రతినిధి: ఇక్కడ అప్పీలుకెళ్లాలంటే 43వ సెక్షన్ కింద కొన్నవాళ్లకు ఇవ్వాల్సినదంతా వడ్డీతో సహా ముందే జమచేయాలి. తొందరలో తప్పు తీర్పొస్తే మా గతేంటి?

న్యాయవాది: ఆ షరతు సబబేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ప్రతినిధి: ఇసుక దొరక్క పనులాగితే అదీ మా తప్పేనా?

న్యాయవాది: పని ఆలస్యానికి 6వ సెక్షన్ ఒప్పుకునే కారణాల్లో యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం ఉన్నాయి. ఇసుక లేదండీ.

ప్రతినిధి: ఇసుక లారీ రేటెంతో తెలుసా మీకు? కూలీలు పండక్కి ఊరెళ్తే—

యాంకర్: ఇసుక గురించి మరోసారి. 60 రోజుల సంగతి చెప్పండి.

ప్రతినిధి: అదే చెబుతున్నా! గడువు కోసం మా గొంతు నొక్కొద్దు. మేం కడితేనే కదా ఊళ్లో ఇళ్లు!

కొన్నామె: పైసలు మొత్తం కట్టింది మేము. కాగితాలు ముందే ఇయ్యమంటే మీకేం కష్టం? అది చెప్పుండ్రి.

ప్రతినిధి: చెబుతానమ్మా, ముందు ఇసుక సమస్య—

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: సమయం లేదు. బిల్డర్లకూ తగిన వ్యవధి ఉండాలన్న వాదనలో బలముంది. మరి 60 రోజుల గడువు మార్చాలా? బ్రేక్ తర్వాత చూద్దాం.

కొన్నామె: నేనడిగినదానికి జవాబు రాలే సార్—