పిల్లల బీరువాకు తాళం వద్దు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. ముందు వరుసలో కింద కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం.

ఏటా నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడే, ఈ వారోత్సవాలు మొదలవుతాయి. 20 దాకా వ్యాసరచన, వక్తృత్వం పోటీలు పెడతాం, బహుమతులిస్తాం. 21న ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్లి చూడండి. పేపరు చదివే పెద్దవాళ్లుంటారు, డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుకునే యువకులుంటారు. వాళ్లకూ ఆ చోటు కావాలి. పిల్లలే కనపడరు. చాలాచోట్ల వాళ్ల పుస్తకాలు అద్దాల బీరువాలో, తాళం వెనక ఉంటాయి. చింపేస్తారని భయం. చిరగనివ్వండి! పదిమంది చేతుల్లో నలిగి అట్ట ఊడిన పుస్తకాన్ని చూసి నేనైతే సంతోషిస్తాను.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ వెంట పల్లెలకు పంపారు. చదివేవాళ్లు రాలేకపోతే పుస్తకమే వాళ్ల దగ్గరికి పోవాలన్న పట్టుదల అది. మనం గదిలోనే ఉన్న పుస్తకాన్ని పిల్లవాడి చేతికి అందనివ్వడం లేదు.

బడిలో ఏం చదవాలో టీచరు చెబుతారు, తర్వాత పరీక్ష పెడతారు. గ్రంథాలయంలో పిల్ల తనే ఎంచుకుంటుంది. బొమ్మలు చూసి తీస్తుంది, నచ్చకపోతే పెట్టేస్తుంది, ఇంకోటి తీస్తుంది. ఆ తీసి పెట్టడంలోనే తన ఇష్టమేదో తనకు తెలుస్తుంది. ఏడు చేపల కథ ఇంటికి తీసుకెళ్లి, అక్షరం రాని నాయనమ్మకు చదివి వినిపించిందనుకోండి. "చేపా చేపా ఎందుకెండలేదు?" అనగానే ఆవిడ ఊరుకుంటుందా? "మా ఊళ్లో ఇలా చెప్పేవాళ్లు కాదే" అంటూ తన కథ మొదలుపెడుతుంది. పుస్తకంలో లేని మాటలు, ఆ ఇంటి యాస, ఆ ఊరి పాట అప్పుడు బయటికొస్తాయి. పిల్లలకు సంస్కృతి అబ్బడమంటే నాకు తెలిసింది ఇదే. వేదిక మీద పట్టు పావడా కట్టించి ఫొటో తీయడం కాదు.

డబ్బు లేదంటారు. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం ఉంది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతోందా అని పంచాయతీలో అడగండి. అడిగే హక్కు మనది.

ఈలోగా పైసా ఖర్చులేని పని ఒకటుంది. పిల్లల పుస్తకాలు వాళ్ల చేతికందేంత కింది అరల్లోకి దించుదాం. తీరిక ఉన్న రిటైర్డు మాస్టార్లు, అమ్మమ్మలు వారానికో గంట వచ్చి కథ చదివి పెట్టండి. ఎవరెవరు వస్తారో, సభ అవగానే మన గ్రంథపాలకుడి గారికి పేర్లు ఇచ్చి వెళ్లండి.