వైరస్ తగ్గాక కూడా ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయి? తిరుమలదేవి కన్నెగంటి పరిశోధనల కథ

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు, తెల్లవారుజాము. లారీ నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్నారు. ఘాటుకు ఎవరో దగ్గుతున్న చప్పుడు.]

నమస్తే అండి. 2021 మే నెల. మా మావయ్య గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా మిర్చి యార్డులో గుమస్తా ఆయన. జ్వరం మొదలై అప్పటికి పదకొండో రోజు. డ్యూటీ డాక్టరు బయటికొచ్చి ఒక మాట చెప్పాడు: "వైరస్ సంగతి దాదాపు అయిపోయిందమ్మా. ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నది ఆయన ఒంట్లోని ఇన్‌ఫ్లమేషనే."

అత్తయ్య నా వైపు తిరిగింది. "వైరస్ పోతే తగ్గాలి గదా అమ్మాయ్. మరి ఇదేంటి?"

నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. అయినా ఆ టెన్షన్‌లో ఆమెకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అత్తయ్యకి ఆ రోజు బాకీ పడ్డ జవాబే ఈ వీడియో. ఆ జవాబులో పెద్ద భాగం సింగరేణి బొగ్గుగనుల ఊరు కొత్తగూడెంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త పేపర్లలో దొరుకుతుంది. ఆవిడ పేరు తిరుమలదేవి కన్నెగంటి. ఇప్పుడు అమెరికాలో, మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో పనిచేస్తున్నారు.

[బొమ్మ: మోకాలి కింద సెగగడ్డ, బాగా దగ్గరగా]

ముందు ఇన్‌ఫ్లమేషన్ అనే మాట సంగతి. పుస్తకాల్లో దీన్ని శోథ అని రాస్తారు, ఇళ్లలో ఎవరూ అనరు. వాపు అంటాం, మంట అంటాం. రెండిట్లో ఏదీ పూర్తిగా సరిపోదు. నాకు నచ్చిన మాట సెగగడ్డ. మామిడిపళ్లు మరీ ఎక్కువ తిన్నావని ఎండాకాలంలో అమ్మ కేకలేస్తుందే, ఆ గడ్డే. సెగ అంటే వేడి, గడ్డ అంటే వాపు. వీటికి ఎరుపు, నొప్పి కలిపితే దాదాపు రెండు వేల ఏళ్ల కిందట సెల్సస్ అనే రోమన్ రచయిత చెప్పిన నాలుగు లక్షణాలూ వచ్చేస్తాయి. అందులో సగం మన మాటలోనే ఉంది.

ఆ గడ్డలో జరిగేది ఇది. చర్మం కిందికి బ్యాక్టీరియా చేరింది. అక్కడ కాపలా ఉన్న కణాలు పసిగట్టి, సైటోకైన్లు అనే రసాయనాలతో చుట్టుపక్కలకి కబురు పెట్టాయి. రక్తనాళాలు వెడల్పయ్యాయి, అందుకే ఎరుపూ వేడీ. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరింది, అదే వాపు. తెల్లకణాలు వచ్చి పోరాడి చచ్చాయి, అదే చీము. కాలి మీద వస్తే వారం రోజులు ఓర్చుకుంటాం. ఇదే తంతు రెండు ఊపిరితిత్తుల్లో ఒకేసారి జరిగితే గాలి ఆడాల్సిన చోట నీరు చేరుతుంది. మావయ్య మంచం పక్కన మెషీన్‌లో ఆక్సిజన్ అంకె తొంభై దాటకపోవడానికి కారణం అదే.

అసలు ప్రశ్న ఏంటంటే, కాపాడాల్సిన ఈ ఏర్పాటు మనల్నే ఎప్పుడు, ఎలా కాల్చడం మొదలుపెడుతుంది?

[దృశ్యం: ఒక చేయి ఎండుమిరపకాయని మధ్యకి విరుస్తుంది]

కన్నెగంటి గారు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చిన దారి నాకు చాలా ఇష్టం. ఆవిడ డాక్టరేట్ ఉస్మానియాలో. మొదటి పేపర్లలో రోగుల ఊసు లేదు, బూజు విషాల గురించి ఉంది. 2000లో అచ్చయిన ఒక పేపరు ఏకంగా మిరపకాయల మీదే: ఓక్రాటాక్సిన్ అనే బూజు విషాన్ని ఎండుమిర్చిలో ఎలైసా పరీక్షతో పట్టుకోవడం. డెంగీ అనుమానం వస్తే డాక్టర్లు రాస్తారే, అదే ఎలైసా.

ఈ సంగతి మావయ్యకి చెప్పాను, కోలుకుని మళ్లీ యార్డుకి వెళ్తున్న రోజుల్లో. ఆయన ఏం మాట్లాడకుండా ఒక కాయ తీసి విరిచి చూపించాడు. పైకి ఎర్రగా నిగనిగలాడుతోంది. లోపల గింజల చుట్టూ బూడిదరంగు నూగు. "కల్లంలో సరిగ్గా ఆరకముందే టిక్కీ కుట్టారంటే ఇంతే అమ్మాయ్. తాలు కాయ కంటికి కనపడుద్ది. ఇది కనపడదు."

కంటికి కనపడేది బూజు మాత్రమే. అది వదిలిన విషం కనపడదు. ఓక్రాటాక్సిన్ మూత్రపిండాలకి చెరుపు చేస్తుంది. ఎలైసాతో దాన్ని పట్టుకోవాలంటే దానికే అతుక్కునే యాంటీబాడీ అనే ప్రొటీన్ కావాలి. చిక్కేంటంటే, ఆ అణువు మరీ చిన్నది. ఒంటరిగా జంతువుకి ఎక్కిస్తే రోగనిరోధక వ్యవస్థ దాన్ని లెక్కే చేయదు. పెద్ద ప్రొటీన్ ఒకదానికి అతికించి ఎక్కిస్తేనే యాంటీబాడీలు పుడతాయి. అంటే మిరపకాయల్లో విషం వెతికే పనిలోనే, ఒళ్లు దేన్ని గుర్తుపడుతుంది, దేన్ని పట్టించుకోదు అన్న ప్రశ్న ఉంది.

తర్వాత అమెరికా వెళ్లి మొక్కల తెగుళ్ల మీద పనిచేశారు. టమాటా, బంగాళదుంపలకి లేట్ బ్లైట్ తెచ్చే సూక్ష్మజీవి ఉంది. అది తయారుచేసే ప్రొటీన్లు రెండు కలిసి ఆకు కణాల్ని ఎలా చంపుతాయో 2006లో రాశారు. విడివిడిగా కొట్టే దెబ్బ కంటే రెండూ కలిసి కొట్టే దెబ్బ బలమైనది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, పదిహేనేళ్ల తర్వాత ఇది మళ్లీ వస్తుంది.

[బొమ్మ: కణం లోపల చక్రంలా కూడుకుంటున్న ప్రొటీన్లు]

అదే 2006లో నేచర్ పత్రికలో ఇంకో పేపరు. ఈసారి మొక్క కణాలు కావు, జంతువుల తెల్లకణాలు. అప్పటికి ఆవిడ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. విషయం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్. అప్పట్లో దాన్ని క్రయోపైరిన్ అనేవారు. ఆ జన్యువులో లోపం ఉన్న కొన్ని కుటుంబాల్లో చల్లగాలి తగిలితే చాలు జ్వరం, దద్దుర్లు వస్తాయి, ఆ పేరు అందుకే వచ్చింది.

కణం లోపల ఇదొక అలారం. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ లాంటివి లోపలికి వస్తే మోగుతుందని ఆ పేపరు చూపించింది. మోగగానే కొన్ని ప్రొటీన్లు చక్రంలా కూడుకుంటాయి. ఆ కూటమి పేరు ఇన్‌ఫ్లమసోమ్. అది కాస్పేజ్-1 అనే కత్తెరని నిద్రలేపుతుంది. ఆ కత్తెర ఐఎల్-1 బీటా అనే సైటోకైన్‌ని కత్తిరించి పనిలోకి దింపుతుంది. జ్వరం తెచ్చేవాటిలో అదొకటి. అదే ఏడాది, అదే పత్రికలో మరో బృందం గౌట్ వ్యాధిలో కీళ్లలో పేరుకునే యూరిక్ ఆసిడ్ స్ఫటికాలు కూడా ఇదే అలారాన్ని మోగిస్తాయని చూపింది. రాత్రి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టు అరిచే పెద్దాయన మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అక్కడ క్రిమి లేదు, ఉన్నది స్ఫటికం. అలారానికి ఆ తేడా పట్టదు.

[దృశ్యం: కోల్డ్ స్టోరేజీ గేటు. దూరంగా పొగ.]

ఇప్పుడు కణం చావు గురించి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

కణాలు రోజూ చస్తాయి, మనకి తెలియదు కూడా. అపోప్టోసిస్ అంటే కణం తన సామాను మూటలు కట్టుకుని పద్ధతిగా ఇల్లు ఖాళీ చేయడం. ఆ మూటల్ని పక్క కణాలు మింగేస్తాయి. పైరోప్టోసిస్, నెక్రోప్టోసిస్ అలా కాదు. కణం గోడకి చిల్లులు పడి, ఉబ్బి, పగులుతుంది. లోపలిదంతా బయటపడుతుంది. గుంటూరు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. కోల్డ్ స్టోరేజీలో మిర్చికి నిప్పంటుకుంటే కాలేది ఒక్క గోడౌనే. దగ్గేది మాత్రం చుట్టుపక్కల కాలనీలన్నీ. పగిలిన కణం నుంచి వచ్చేది ఆ మిర్చిపొగ లాంటిది. పక్క కణాలు దానికి ఉలిక్కిపడి వాటి అలారాలు మోగిస్తాయి.

2016లో కన్నెగంటి బృందం ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని పసిగట్టే ఇంకో కాపలా ప్రొటీన్‌ని చూపింది. పేరు జడ్‌బీపీ1. ఈ పేపర్లో ఒక ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ప్రొటీన్ లేకుండా పెంచిన ఎలుకలకి ఫ్లూ వైరస్ ఎక్కిస్తే ఏమవ్వాలి? కాపలా లేదు కాబట్టి ముందే చావాలి. కానీ మామూలు ఎలుకల కంటే అవే బాగా బతికాయి. ఊపిరితిత్తుల లోపలి పొర తక్కువ దెబ్బతింది. మామూలు ఎలుకల్ని చంపడంలో వైరస్‌తో పాటు కాపలా వాళ్ల చేయి కూడా ఉందన్నమాట.

ఇంకో సంగతీ తేలింది. ఈ మూడు రకాల చావులూ వేర్వేరు దారులు కావు, లోపల కలుస్తాయి. ఒక దారి మూస్తే కణం ఇంకో దారిన చస్తుంది. 2019లో ఈ కలయికకి పానాప్టోసిస్ అని పేరు పెట్టారు. పైరోప్టోసిస్, అపోప్టోసిస్, నెక్రోప్టోసిస్, మూడింటి మొదటి అక్షరాలు. నా దృష్టిలో పేరు కంటే దాని వెనకున్న విషయం ముఖ్యం: ఒక్క తలుపుకి తాళం వేసే మందుతో పని కాకపోవచ్చు.

[బొమ్మ: రెండు చుక్కలు, ఒకటి నీలం, ఒకటి నారింజ. విడిగా, తర్వాత కలిసి.]

ఇక కోవిడ్. రోగుల రక్తంలో రకరకాల సైటోకైన్లు పెరిగిపోతున్నాయని అందరికీ తెలుసు. మనలో చాలామంది సీఆర్‌పీ, ఐఎల్-6 అనే రక్తపరీక్షల పేర్లు నేర్చుకున్నది అప్పుడే. రిపోర్టు వాట్సాప్‌లో రాగానే అంకెలు చూసి వణికిపోయేవాళ్లం. ఇన్ని సైటోకైన్లలో కణాల్ని నిజంగా చంపుతున్నది ఏది? కన్నెగంటి బృందం వీటిని ఒక్కొక్కటిగానూ, కలిపీ తెల్లకణాల మీద వేసి చూసింది. ఒక్కోటి విడిగా వేస్తే పెద్దగా నష్టం లేదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా, ఈ రెండు సైటోకైన్లూ కలిసినప్పుడు కణాలు కుప్పలుగా చచ్చాయి.

టమాటా తెగులు పేపర్లో చూసిన జోడీ దెబ్బే ఇది. మనిషి మారలేదు, ప్రశ్న అడిగే తీరు మారలేదు.

ఈ రెండింటినీ కలిపి ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి. కోవిడ్ వైరస్ సోకిన ఎలుకల్లో ఈ రెండింటినీ అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే చావులు తగ్గాయి. 2020 చివర్లో బయటికొచ్చిన ఈ పేపరు 2021 జనవరిలో సెల్ పత్రికలో అచ్చయింది. మావయ్య ఆస్పత్రిలో చేరడానికి నాలుగు నెలల ముందు.

"మరి ఆ రెండు మందులూ నాకు ఇచ్చి ఉంటే?" అని మావయ్య అడిగాడు. సూటిగానే చెప్పాను. టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులు కీళ్లవాతానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ఇంటర్‌ఫెరాన్ గామాని అడ్డుకునే ఎమపలూమాబ్ అనే మందుకి ఒక అరుదైన జబ్బు కోసం 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ రెండూ కలిపి ఇవ్వడం వల్ల మేలని తేలింది ఎలుకల్లో. మనిషి ఒంట్లో ఈ రెండు సైటోకైన్లూ క్షయ లాంటి జబ్బుల నుంచి కాపాడతాయి. మన దగ్గర క్షయ తక్కువేం కాదు. కాపలా వాళ్లని ఇళ్లకి పంపేస్తే దొంగ కూడా చూస్తుంటాడు మావయ్యా, అన్నాను.

ఆయనకి ఇచ్చింది డెక్సామెథసోన్, ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచే స్టెరాయిడ్. అగ్గువకి దొరికే పాత మందు. 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షలో తేలింది: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనిపించలేదు. దయచేసి ఈ ఆఖరి మాట వినండి. జ్వరం వచ్చిన రెండో రోజే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ వేసుకున్నవాళ్లని నేను చూశాను. అప్పటికి ఒంట్లో వైరస్ పెరుగుతూనే ఉంటుంది. దాన్ని అదుపు చేయాల్సిన ఇన్‌ఫ్లమేషన్‌ని అప్పుడే అణచేస్తే నష్టం మనకే. షుగర్ ఉన్నవాళ్లకి బ్లాక్ ఫంగస్ ముప్పు కూడా పెరిగింది.

[దృశ్యం: ల్యాప్‌టాప్ తెర, పబ్‌మెడ్ పేజీ]

మైక్రోబయాలజీ చదివే పిల్లలకి ఒక పని చెప్తాను. ఈ పేపర్ల సారాంశాలు పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, 2021 సెల్ పేపరు మొత్తం చదవొచ్చు. వెతికేటప్పుడు ఒకటి గమనించండి. పాత పేపర్లలో ఆవిడ పేరు తిరుమల-దేవి కె. అని ఉంటుంది, తర్వాతి వాటిలో కన్నెగంటి టి.డి. అని. ఒక్క పేరుతోనే వెతికితే మిరపకాయల పేపరు మీకు కనపడదు. ముందు దాన్ని తీసి చదవండి.