సముద్రం కనిపించే ఫ్లాట్, అందులో అద్దెకున్నవాళ్లు (ఫోన్-ఇన్)

యాంకర్: విశాఖలో ఇళ్ల కొనుగోళ్లపై మీ సందేహాలకు న్యాయవాది మేడమ్ జవాబిస్తున్నారు. తొలి కాల్ పార్వతీపురం నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారం మేడమ్. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్ చూశాం. బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రమేనండి. ఓడలు దూరంగా లంగరేసి ఉంటాయి, మా ఆవిడైతే అక్కణ్ణుంచి కదల్లేదు. మా అమ్మాయి కంచరపాలెంలోనే ఉంటుంది, పిల్లలు కూడా...

న్యాయవాది: మాస్టారూ, ఫ్లాట్ ఖాళీగా ఉందా?

కాలర్: లేదండి, అద్దెకున్నారు. అదే అడుగుదామని. రిజిస్ట్రేషన్ అయ్యాక నెలలో ఖాళీ చేయిస్తానంటున్నారు ఓనరు. ఈసీ, అదే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయించాను, ఏ గొడవా లేదు.

న్యాయవాది: 11 నెలల అద్దె అగ్రిమెంట్లు చాలామంది రిజిస్టర్ చేయించరు. చేయించనిది ఈసీలోకి ఎక్కదు. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను: అద్దెకున్నవాళ్లతో మీరే మాట్లాడకుండా బయానా ఇవ్వకండి. మాట్లాడారా?

కాలర్: కాఫీ ఇచ్చారండి. మంచివాళ్లే.

న్యాయవాది: కాఫీ సరే. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఎప్పటిదాకా కట్టారు? అడిగారా?

కాలర్: అది ఓనరు చూసుకునేది కదా అని...

న్యాయవాది: రిజిస్ట్రేషన్ అయితే ఓనరు మీరే! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇల్లు అమ్ముడైనంత మాత్రాన అద్దె ఒప్పందం పోదు. పాత ఓనరు స్థానంలోకి మీరొస్తారు. ఖాళీ చేసేరోజు వాళ్లు అడ్వాన్స్ మిమ్మల్నే అడుగుతారు. ఆ మొత్తం ధరలో తగ్గించుకుని, దస్తావేజులో రాయించండి.

కాలర్: మరి నెలలో ఖాళీ చేయిస్తామన్నారు కదండీ?

న్యాయవాది: డబ్బు చేతికందాక ఆయనకేం తొందర మాస్టారూ? ఖాళీ చేయించి తాళాలిస్తేనే మిగతా సొమ్ము అని అగ్రిమెంట్‌లో పెట్టండి. వాళ్లుండగానే కొంటే, ఇకపై అద్దె మీకే కడతామని కాగితం రాయించుకోండి. అమ్మకం సంగతి తెలియక వాళ్లు పాత ఓనరుకు కట్టేస్తే, ఆ అద్దె మళ్లీ మీకు కట్టమనలేరు.

కాలర్: అంటే... కొనొద్దంటారా?

న్యాయవాది: అయ్యో, కొనండి. మీ ఆవిడగారి బాల్కనీ ఎక్కడికీ పోదు. కానీ బయానాకు ముందు వాళ్లతో కూర్చోండి. వాళ్లకూ పిల్లల చదువులుంటాయి, కాస్త గడువిస్తే గొడవే ఉండదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్, అంటే ముందే మినహాయించే ఆదాయపు పన్ను, పట్టుకుని మీరే కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే లెక్క వేరు, ఆడిటర్ని కలవండి.

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాతి కాల్ భీమిలి నుంచి.

కాలర్: బీచ్ పక్కనే ఇల్లు చవగ్గా వస్తోంది మేడమ్...

న్యాయవాది: చవకంటేనే నాకు భయం. పోటు సమయంలో సముద్రపు నీరు వచ్చే హద్దు, అంటే పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ అనే తీర నియంత్రణ నిబంధనలుంటాయి. ప్లాన్ మంజూరు, సీఆర్‌జెడ్ అనుమతి రెండూ చూడండి. కొచ్చి దగ్గర మరడులో 2020 జనవరిలో నాలుగు అపార్ట్‌మెంట్లు కూల్చేశారు, సుప్రీంకోర్టు ఆదేశంతో. అద్దెకున్నారా?

కాలర్: ఉన్నారండి.

న్యాయవాది: అయితే మాస్టారికి చెప్పిందే మీకూ. ముందు వాళ్లతో మాట్లాడండి.

యాంకర్: సమయం తక్కువగా ఉంది. ఆఖరి కాల్.

కాలర్: మేడమ్, మేం అద్దెకున్నవాళ్లం. ఇల్లు అమ్మేశాను, ఈ ఆదివారమే పొమ్మంటున్నారు ఓనరు. చాలా టెన్షన్‌గా ఉంది.

న్యాయవాది: భయపడకమ్మా. నెలనెలా అద్దె ఒప్పందమైతే, వేరే షరతేమీ లేకుంటే, కనీసం 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసివ్వాలి. బలవంతంగా సామాను బయట పెట్టే హక్కు ఎవరికీ లేదు. అద్దె కట్టిన రసీదులున్నాయా?

కాలర్: ఫోన్ పేలో పంపామండి.

న్యాయవాది: అవి చెరిపేయకు. అన్నీ ప్రింట్ తీసిపెట్టుకో తల్లీ.